తిరుపతి పాత మిద్దెలు: దూలం చివర కుళ్లితే మరమ్మతా, శ్లాబా?

తేరువీధి: గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత తొట్టిమిద్దెల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. దూలం నడుమ ఉక్కులా ఉంటుంది, గోడలో కూర్చున్న చివర మెత్తబడి ఉంటుంది. మేస్త్రీని పిలిస్తే మొత్తం తీసేసి శ్లాబు వేద్దామంటాడు. ఆ చివర ఒక్కటే బాగుచేసుకోవడం కుదురుతుందా, లేక ఉత్త మొండిపట్టా?

సివిల్‌చిత్తూరు: నా ఓటు శ్లాబుకే. కుళ్లు గోడలో ఎంత దూరం పోయిందో కంటికి కనిపించదు. టేకు చేవను, అంటే లోపలి ముదురు కొయ్యను, చెదలు అంత తేలిగ్గా ముట్టవు గానీ, అంచున బయటి తెల్లచెక్క మిగిలి ఉంటే అక్కడే మొదలుపెడతాయి. పాత కప్పు తీసి శ్లాబు వేస్తే ఆ బరువుకు గోడలు ఆగవనే వాదన కూడా చెల్లదు. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు సుమారు 310 కిలోలు. పాత కప్పులో నిలువుగా పేర్చిన ఇటుక, దాని మీద మూడంగుళాల సున్నపు జల్లి (సున్నంలో కలిపిన ఇటుక ముక్కలు), ఆపైన పెంకులు కలిపితే అంతకన్నా తక్కువేమీ ఉండదు.

కొయ్యపని: బరువు లెక్క నిజమే, ఒప్పుకుంటాను. కానీ శ్లాబుకు గోడ పొడవునా గాడి కొట్టాలి. ఆ వీధుల్లో గోడ ఉమ్మడిది, అవతలింటి దూలాలూ దాంట్లోనే కూర్చుని ఉంటాయి. ఇటుకల మధ్య మట్టి ఉంటే మీ సుత్తి దెబ్బకు పక్కింటి కప్పు కదులుతుంది. నాకు భయం అక్కడే.

కంటికి కనిపించదన్నారు. గోడ అంచున 6 మి.మీ. డ్రిల్ బిట్‌తో దూలంలోకి ఏటవాలుగా, గోడవైపు దించి చూడండి. మంచి కొయ్య బిట్‌కు ఎదురు తన్నుతుంది, పొడి ఎండు గోధుమరంగులో రాలుతుంది. కుళ్లినచోట బిట్ జారినట్టు దిగుతుంది, తడి నల్లపొడి ముద్దగా అంటుకుంటుంది.

సున్నంబట్టీ: అసలు ఆ తడి ఎక్కడిదో చూడకుండా కొయ్యను తిట్టడం ఎందుకు? కొయ్యలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తేనే బూజు కుళ్లు పడుతుంది. సున్నపు కప్పు మీద ఎవరో సిమెంటు పూత వేసి ఉంటారు. ఎండకు అది బీటలు వారుతుంది, వాననీళ్లు దిగుతాయి, మళ్లీ ఆవిరై పోయే దారి ఉండదు. పిట్టగోడ మొదలు, తూము చుట్టూ ముందు చూడండి. ఆ పూత చెక్కేసి సున్నపు జల్లి వేయించి దిమ్మిస కొట్టించాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లడం పాత పద్ధతి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, కాబట్టి సంక్రాంతి దాటాకే మొదలుపెట్టి, తడి గోనెలు కప్పి పది రోజులు ఆరనివ్వకండి. చంద్రగిరి రాజమహల్‌ను కర్ర లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. సున్నం బలమేంటో చూడాలంటే అక్కడికెళ్లి చూడండి!

తేరువీధి: సరే, తడి ఆగింది. చివర ఎలా మార్చాలి?

కొయ్యపని: గోడకు రెండు మూడడుగుల దూరంలో, కింద వెడల్పు పలక వేసి జాకీ పోటు (దూలాన్ని కిందనుంచి మోసే నిలువు ఆసరా) పెట్టాలి. దూలం బరువు అందుకునేంతవరకే తిప్పాలి. అంగుళం పైకి లేపారో, కప్పు చీలి కొత్త కారుడు మొదలవుతుంది. కుళ్లు దాటాక ఇంకో అడుగు మంచి కొయ్య కోసెయ్యండి. కొత్త ముక్కకూ పాత దూలానికీ రెండు వైపులా ఉక్కు ఛానెళ్లు పెట్టి, గాల్వనైజ్డ్ బోల్టులు బిగించండి. దూలం గోడ మీద ఆనే చోట కోత బలం (షియర్) ఎక్కువ. ఛానెల్ మందం, బోల్టుల లెక్క ఇంజనీరు చూడాల్సిందే. చివర రాతిపలక మీద కూర్చోవాలి, మిగతా మూడు పక్కలా అరంగుళం ఖాళీ వదలాలి. అక్కడ సిమెంటు కూరితే పదేళ్లలో మళ్లీ ఇదే పని. బోరిక్ ఆసిడ్ ఒక పాలు, బోరాక్స్ ఒకటిన్నర పాలు కలిపిన ద్రావణం పట్టించండి. కారుడు ఉంటే అదీ కడుక్కుపోతుంది.

సివిల్‌చిత్తూరు: మూడు నాలుగు దూలాలకైతే మీ దారే సరి. సగానికి పైగా దూలాలు కొట్టిచూస్తే నడుమలోనే డొల్లగా మోగితే మాత్రం పోట్లు తీయకుండా నన్ను పిలవండి, పక్కింటి గోడను ముట్టకుండా లోపలే స్తంభాలు లేపి కప్పు మోయించే నక్షా గీద్దాం.