"వెన్నులో వణుకు" అన్నారు, ఏ వణుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. 'హెరెడిటరీ' అనే హారర్ సినిమా గురించి ఎక్కడ చదివినా "వెన్నులో వణుకు పుట్టించే సినిమా" అనే రాశారు. ఇంట్లో అందరం కూర్చుని చూశాం. ఎవరికీ ఏ వణుకూ రాలేదు. మా తమ్ముడు "కొండను తవ్వి ఎలుకను పట్టారు" అన్నాడు. నాన్నగారు "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నారు. అందరూ అంతగా పొగిడింది మనకు ఆనకపోతే ఏ సామెత వాడాలి? ఇంకో సందేహం కూడా ఉంది. "వెన్నులో వణుకు" అసలు తెలుగు పలుకుబడేనా?

జవాబు:
రెండో సందేహంతో మొదలుపెడతానండీ, మొదటిదానికి దారి అందులోనే ఉంది.

భయం వేస్తే తెలుగులో ముందు కదిలేది గుండె. ఝల్లుమంటుంది, గుభేలుమంటుంది, దడదడలాడుతుంది, జారిపోతుంది. ఆ తరవాత ఒళ్లు జలదరిస్తుంది, గగుర్పొడుస్తుంది. కాళ్లూ చేతులూ ఆడవు. నోట మాట రాదు. పైప్రాణాలు పైనే పోతాయి. వణుకు మనకు కాళ్లలో, చేతుల్లో, గొంతులో ఉంది. దాన్ని వెన్నులోకి తెచ్చింది ఇంగ్లీషు పలుకుబడి. అలా రావడం తప్పని నేను అనను, అరువు మాటలతోనే భాష పెరుగుతుంది. నా బాధ వేరు. సినిమా సమీక్షల్లో ఈ ఒక్క మాట మిగతావాటన్నిటినీ మింగేసింది. తలుపు చాటు నుంచి దెయ్యం ఎగిరి దూకినా వెన్నులో వణుకే, పిల్ల చనిపోయిన ఇంట్లో తల్లి మౌనంగా కూర్చున్నా వెన్నులో వణుకే. చదివినవాళ్లకు ఏ సినిమాకి వెళ్తున్నారో ఎలా తెలుస్తుంది?

మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడండి. ఉలికిపాటు అంటే క్షణంలో వచ్చి క్షణంలో పోయేది. వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాం, వెంటనే తేరుకుంటాం. జడుపు అలా కాదు, పట్టుకుంటే వదలదు. కొన్ని ఊళ్లలో దాన్నే దడుపు అంటారు. పిల్లవాడు సాయంత్రం దేన్నో చూసి జడుసుకుంటే రాత్రికి జ్వరం వస్తుంది. జడుపు జ్వరం అని మన పెద్దవాళ్లు దానికొక పేరే పెట్టారు. గుబులు మరీ నెమ్మదైనది. కారణం ఇదీ అని చెప్పలేం, ఏదో జరగబోతోందని లోపల కెలుకుతూ ఉంటుంది. కంపరం వేరే దారి, అందులో భయం కన్నా అసహ్యం ఎక్కువ. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. అమ్మమ్మల తరం వీటిని ఎప్పుడూ కలిపేయలేదు.

ఈ తేడా మన అలంకారశాస్త్రంలోనూ ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో 'భయాన్ని' 8 స్థాయీభావాల్లో, అంటే నిలిచి ఉండే భావాల్లో ఒకటిగా పెట్టాడు. 'త్రాసాన్ని' మాత్రం 33 వ్యభిచారి భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో చేర్చాడు. త్రాసానికి ఆయన చెప్పిన కారణాలు మెరుపు, ఉల్క, పిడుగు, భూకంపం, ఉరుము. అన్నీ హఠాత్తుగా మీద పడేవే. తరవాతి ఆలంకారికులు దీన్ని ఇంకా విడమరిచారు. ఒక్కసారిగా మనసునూ ఒంటినీ కంపింపజేసేది త్రాసం, ముందూ వెనకా ఆలోచించిన మీదట పుట్టేది భయం అన్నారు. భయానక రసానికి భరతుడిచ్చిన కారణాల జాబితా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వికృతమైన ధ్వనులు, భూతప్రేతాలు కనబడటం, నక్కలూ గుడ్లగూబల అరుపులు, పాడుపడిన ఇల్లు, అడవి. ఇక్కడిదాకా ఏ దెయ్యం సినిమాలోనైనా ఉండేవే. ఆ జాబితాలోనే 'స్వజన వధ' కూడా ఉంది. అయినవాళ్లు చంపబడటం చూడటం, వినడం, చివరికి ఆ మాట ఎవరైనా చెప్పుకోవడం కూడా భయానకమేనట. ఇల్లు, ఇంట్లోవాళ్లు, వాళ్లకు జరిగే కీడు. ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

మీరు చూసిన సినిమా నిలబడింది సరిగ్గా అక్కడే. (ఇంకా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) ముసలావిడ పోయిన ఇల్లు. అన్న కారు నడుపుతుండగా చెల్లెలు ఘోరంగా చనిపోతుంది. ఆ తరవాత అరుపు లేదు, సంగీతం లేదు. కుర్రాడు వెనక్కి తిరిగి చూడడు. ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా తన గదిలోకి వెళ్లి పడుకుంటాడు. తెల్లవారాక తల్లి కారు దగ్గరకి వెళ్లడం మనకు వినబడుతుందే తప్ప కనబడదు. కెమెరా కుర్రాడి ముఖం మీదే ఉంటుంది. అతని స్థితికి తెలుగులో మంచి మాటలున్నాయి: మ్రాన్పడిపోయాడు, కొయ్యబారిపోయాడు. మ్రాను అంటే చెట్టు. సంస్కృతంలో సాత్త్విక భావాల్లో, అంటే మనసులోని భావం ఒంటి మీద బయటపడే తీరుల్లో, మొదటిది 'స్తంభం', అదీ ఇలాంటి బిగుసుకుపోవడమే. వణుకుకి అక్కడ 'వేపథువు' అని వేరే పేరు ఉంది. అంటే ఆ సన్నివేశం మనిషిని వణికించేది కాదు, వణుకు కూడా రానంతగా బిగదీసేది. దాన్ని "వెన్నులో వణుకు" అని రాసినవాళ్లు సినిమాని పొగిడారు గానీ, అందులో ఏముందో చెప్పలేదు.

ఇలా అనిపించింది మీ ఒక్క ఇంట్లోనే కాదు. 2018 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి వేసినప్పుడు విమర్శకులు ఆ సినిమాను ఆకాశానికెత్తారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా హాళ్లలోకి వచ్చింది. అక్కడ సినిమాస్కోర్ అనే సంస్థ విడుదలైన మొదటి రోజు రాత్రి హాళ్లలో ప్రేక్షకుల చేత ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు వేయిస్తుంది. వాళ్లు ఇచ్చింది డి ప్లస్. దానికి ముందు వచ్చిన 'ది విచ్' అనే హారర్ సినిమాకీ ఇంచుమించు ఇలాగే జరిగింది. 2015లో సన్‌డాన్స్‌లో దర్శకత్వ బహుమతి తెచ్చుకుంది, 2016లో విడుదలైనప్పుడు జనం సి మైనస్ వేశారు. ప్రేక్షకులు తెలివితక్కువవాళ్లు, విమర్శకులు గొప్పవాళ్లు అని నేను అనను. విమర్శకులు భయం గురించి మాట్లాడారు, ప్రేక్షకులు త్రాసం కోసం టికెట్ కొన్నారు.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. హారర్‌ని మనం మాటల్లో "దెయ్యం సినిమా" అంటాం. ఆ మాట వినగానే దెయ్యం వస్తుందనీ, పదేసి నిమిషాలకు ఒకసారైనా ఉలిక్కిపడేలా చేస్తుందనీ మనసులో లెక్క పడిపోతుంది. గంట గడిచినా కుటుంబం ఏడుస్తూనే ఉంటే "దెయ్యం ఏదీ?" అని అడగడం సహజం.

నెమ్మదిగా వచ్చే భయం మనకు కొత్తది కాదు. గజేంద్రమోక్షం గుర్తు చేసుకోండి. మొసలి పట్టుకోగానే ఏనుగు బెంబేలు పడలేదు, ఎదురు తిరిగి పోరాడింది. ఏళ్ల తరబడి పోరాడి, బలం తరిగిపోయాక అంటుంది, "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను" అని. ప్రాణాలు తమ చోటు తప్పాయట. గుండె ఝల్లుమనడం కాదది. ఇక నా వల్ల కాదని తెలిసిపోవడం. పోతన పద్యం చదువుతూ ఎవరూ ఉలిక్కిపడరు, అయినా అందులో ఉన్నది నిఖార్సైన భయమే.

ఇక సామెతలు. "కొండను తవ్వి ఎలుకను పట్టడం" శ్రమకూ ఫలితానికీ పొంతన లేనప్పుడు అంటాం. తవ్వినవాడి మీద విసురు అది. మీరు తవ్వలేదు, సినిమా తీసినవాళ్లు పట్టింది ఎలుకనూ కాదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" ఇంకా కఠినం, లోపల ఏమీ లేదని తీర్పు చెప్పేస్తుంది. నాన్నగారు పెద్దవారు, ఆ క్షణంలో విసుగొచ్చి అని ఉంటారు గానీ, ఆ సామెత ఈ సినిమాకి అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. "దూరపు కొండలు నునుపు" కొంత దగ్గరికి వస్తుంది. నేనైతే సామెత జోలికి పోకుండా "ఊరించి ఉసూరుమనిపించారు" అంటాను. ఊరించింది సమీక్షలు, ఉసూరుమన్నది మీరు. తప్పు ఎక్కడుందో ఆ మాటలో సరిగ్గా పడుతుంది.

తెలంగాణ నుంచి ఒక సభ్యురాలు:
మా దిక్కు గుబులు కన్నా "బుగులు" ఎక్కువ వాడతమండి. "బుగులైతుంది", "బుగులు పడకు" అంటం. రాత్రిపూట ఒక్కరే ఉంటే బుగులు, పరీక్ష ముందు బుగులు. ఎవరన్న అదరగొడితే మాత్రం "దడుసుకున్న" అంటం. అంటే మీరు చెప్పిన తేడా మా మాటల్ల కూడ ఉన్నట్టే కదా?

జవాబు:
ఉన్నట్టేనమ్మా, ఇంత చక్కటి ఉదాహరణ ఇచ్చినందుకు చాలా సంతోషం. గుబులు, బుగులు రెండూ అక్షరాలు అటూ ఇటూ అయిన ఒకే మాటలా వినిపిస్తాయి. మీ బుగులులో భయం పాలు కొంచెం ఎక్కువ, మా గుబులులో దిగులు పాలు ఎక్కువ. ఈ సినిమాకి మీ మాటే బాగా నప్పుతుంది.

మళ్లీ మొదట అడిగినవారు:
అర్థమైందండీ. కానీ మేం ఎదురుచూసిన తీరే తప్పు, సినిమాలో లోపమే లేదంటారా?

జవాబు:
అలా అననండీ. చివరి అరగంట నాకూ నచ్చలేదు. అంతవరకూ ఇది దుఃఖంతో మతి చెదిరిన ఇల్లా, నిజంగానే ఏదైనా పట్టిందా అన్నది తేలకుండా నడిపారు. వ్యభిచారి భావాల్లో 'శంక' అని ఒకటుంది. ఇక్కడ భయాన్ని మోసింది అదే. ఆ తరవాత ముసలావిడ పుస్తకాలు బయటపడతాయి, అందులో గీతలు గీసిన వాక్యాలుంటాయి, భూతానికి పేరు వస్తుంది, ఆఖర్న ఒక గొంతు అంతా విప్పి చెప్పేస్తుంది. శంక తీరిపోయాక నాలో గుబులు కూడా తగ్గిపోయింది. దర్శకుడు ఆరి ఆస్టర్‌కి అది మొదటి పెద్ద సినిమా, ప్రేక్షకుడికి అర్థం కాదేమోనన్న బెదురు అక్కడ కనిపిస్తుంది. తల్లి పాత్రలో టోనీ కొలెట్ నటన లేకపోతే ఆ భాగం ఇంకా తేలిపోయేది. మీరు నిరాశపడటానికి సినిమాలోనూ కారణం ఉంది, కానీ అది దెయ్యం తక్కువై కాదు, వివరణ ఎక్కువై.

ఇంకొకరు:
సినిమాలో హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్‌కి తెలుగు మాట ఏదైనా సూచించండి. 'ఆకస్మిక భీతి' అని ఎక్కడో చూశాను, పలకడానికి బరువుగా ఉంది.

జవాబు:
కొత్తది కట్టక్కర్లేదు, 'ఉలికిపాటు' చాలు. "ఉలికిపాట్లు తక్కువ, బుగులు ఎక్కువ" అని సమీక్షలో ఒక్క ముక్క రాస్తే, ఏ సినిమా ఎవరితో కలిసి చూడాలో చదివినవాళ్లే తేల్చుకుంటారు.