మూసీ ప్రవాహంలో వాన పాత్ర ఎంతో తేల్చేదెలా?

అందరికీ నమస్కారం. నల్గొండలో పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం మూసీ పరీవాహకంలో వాన, ఉష్ణోగ్రత, ప్రవాహం ఏళ్ల తరబడి ఎలా మారాయో చూస్తున్నాను. వాతావరణ శాఖ గ్రిడ్ డేటాలో (ప్రాంతాన్ని గళ్లుగా విడదీసి ఇచ్చే లెక్కలు) వాన 1901 నుంచి, ఉష్ణోగ్రత 1951 నుంచి దొరుకుతాయి. వాటికి మాన్-కెండాల్ పరీక్ష (ఏళ్ల తరబడి పెరుగుతోందా, తగ్గుతోందా తేల్చే గణాంక పరీక్ష) చాలు.

చిక్కంతా ప్రవాహంతోనే. పైన గండిపేట, హిమాయత్‌సాగర్, కింద సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, మధ్యలో ఎన్నో కత్వలు (నీటిని మళ్లించే చిన్న అడ్డుకట్టలు). ఎండాకాలంలో పారేదేమో చాలావరకు హైదరాబాద్ మురుగునీరే (మా వైపు పొలాలకూ అదే గతి). అలాంటప్పుడు ప్రవాహం పెరిగినా తగ్గినా వాతావరణం ఖాతాలో వేయడం నాకైతే సబబనిపించట్లేదు.

వానాకాలం, ఎండాకాలం విడదీసి చూస్తే సరిపోతుందా? లేక పాత ఏళ్లతో వాన-ప్రవాహ మోడల్ కట్టి, తర్వాతి ఏళ్లలో మోడల్ అంచనాకూ అసలు ప్రవాహానికీ తేడా లెక్కగట్టాలా? నెలవారీ లెక్కల్లో ఆటోకోరిలేషన్ (ఒక నెల విలువ ముందు నెలల విలువతో ముడిపడి ఉండటం) ఉంటే ప్రీ-వైటెనింగ్ (పరీక్షకు ముందే ఆ ముడిని తీసేయడం) తప్పదా? పోలికకు డిండి వాగును తీసుకోవచ్చంటారా? దాని మీదా రిజర్వాయరుంది, అదే అనుమానం.