రెయిడ్‌జెడ్1లో డిస్క్ మారుస్తుంటే ఇంకో డిస్క్‌లో రీడ్ ఎర్రర్లు, పాతది తిరిగి పెట్టొచ్చా?

జెడ్ఎఫ్ఎస్ పూల్ (డిస్కులన్నీ కలిపి ఒకే స్టోరేజ్‌గా వాడే ఫైల్ సిస్టమ్), నాలుగు 4 టీబీ డిస్కులు, రెయిడ్‌జెడ్1 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే అమరిక). మూడో డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు (డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న భాగాలు) వారంలో 8 నుంచి 112కి పెరిగాయి, పూర్తిగా పోకముందే మార్చేద్దామని దాన్ని ఆఫ్‌లైన్ చేసి తీసేసి, అదే స్లాట్‌లో కొత్తది పెట్టి జెడ్‌పూల్ రీప్లేస్ కమాండ్ ఇచ్చాను. పాతది ఉంచే రీప్లేస్ చేయాల్సింది, అప్పుడు తట్టలేదు.

రీసిల్వర్ (మిగతా డిస్కుల నుంచి కొత్తదాంట్లోకి డేటా తిరిగి కట్టడం) 61 శాతం దాకా బాగానే నడిచింది. అక్కడ మొదటి డిస్క్ రీడ్ కాలమ్‌లో 0 కాస్తా 14 అయింది, స్టేటస్ కింద మూడు ఫైళ్లకు పర్మనెంట్ ఎర్రర్స్ అని వచ్చింది. అందులో రెండు బ్యాకప్ లేని ఫొటోలు, అదే టెన్షన్.

మెషీన్ ఆపి సాటా కేబుల్ మార్చాను, వేరే పోర్ట్‌కి పెట్టాను, ఎర్రర్ల లెక్క క్లియర్ చేసి రీసిల్వర్ మళ్లీ నడిపితే సరిగ్గా అక్కడికి రాగానే అవే ఎర్రర్లు, అంటే లోపం డిస్క్‌లోనే ఉన్నట్టుంది. ప్రస్తుతం పూల్‌ని రీడ్-ఓన్లీగా ఇంపోర్ట్ చేసి ఉంచాను. స్టేటస్‌లో రీప్లేసింగ్-2 (మారుస్తున్న మూడో డిస్క్ స్థానం) కింద పాతది ఆఫ్‌లైన్, కొత్తది ఆన్‌లైన్ అని రెండూ కనిపిస్తున్నాయి. పాత డిస్క్‌ని చెరపలేదు, ఒక పోర్ట్ ఖాళీగా ఉంది.

పూల్‌ని మామూలుగా ఇంపోర్ట్ చేసి, కొత్తదాన్ని డిటాచ్ చేయకుండానే పాతదాన్ని ఆ ఖాళీ పోర్ట్‌లో పెట్టి ఆన్‌లైన్ చేస్తే, మొదటి డిస్క్ చదవలేకపోతున్న బ్లాకుల్ని దాని సాయంతో తిరిగి కట్టుకుంటుందా?