రీస్టాంప్ చేసిన ఇంజన్ బ్లాక్: రిపేరా, మోసమా?

గుంటూరు_గేర్‌బాక్స్ (కొలంబస్, ఒహాయో)

అందరికీ నమస్కారం. మా ఊరికి దగ్గర్లో ఒక 1970 షెవెల్ ఎస్ఎస్ అమ్మకానికి వచ్చింది. ఎల్ఎస్6 కారు అంటున్నారు, అంటే 454 క్యూబిక్ అంగుళాలు, 450 హార్స్‌పవర్. ఆ ఏడాది షెవర్లే ఈ ఇంజన్‌తో 4,475 బళ్లే చేసింది, ఎల్ కమీనోలు (ఇదే కారు పికప్ రూపం) కూడా ఆ లెక్కలోనే. ప్రకటనలో "నంబర్స్ మ్యాచింగ్" అని ఉంది, అంటే పుట్టినప్పటి ఇంజనే ఇప్పటికీ ఇందులో ఉందని. ధర కూడా దానికి తగ్గట్టే చెబుతున్నారు.

వెళ్లి, కుడివైపు సిలిండర్ హెడ్ ముందున్న ప్యాడ్‌ను (బ్లాక్ మీద నంబర్లు కొట్టే చదునైన చోటు) తుడిచి టార్చ్ పెట్టి చూశాను. ఫ్యాక్టరీ బ్లాక్ అయితే అక్కడ ముందు నుంచి వెనక్కి తిన్నగా సన్నటి గీతలుండాలి. దీని మీద వంపు తిరిగిన గీతలున్నాయి, మెషిన్ షాపు కట్టర్ తిరిగిన జాడ. అంకెలన్నీ ఒకే సెట్టుతో, ఒకే లోతులో కొట్టినట్టున్నాయి. అడిగితే ఓనర్ ఏమీ దాచలేదు. అసలు బ్లాక్ ఎప్పుడో డ్రాగ్ రేసులో పగిలిపోయిందట. 3963512 క్యాస్టింగ్ నంబరుతో (బ్లాక్ పోత రకాన్ని చెప్పే నంబరు), తేదీ సరిపోయే ఇంకో బ్లాక్ తెచ్చి దాని మీద ఈ కారు నంబరు కొట్టించారట. "అందరూ చేసేదే" అన్నాడు. బిల్డ్ షీట్ (కారును ఏ ఇంజన్‌తో, ఏ భాగాలతో చేయాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం) ఉంది, అది నిజమైనదే అనిపిస్తోంది.

కొనాలా వద్దా అన్నది తర్వాత. ఇలా నంబరు కొట్టడం రిపేరు కిందకి వస్తుందా, మోసం కిందకి వస్తుందా? మీ అభిప్రాయాలు చెప్పండి.

కాగితం_చూపించు

మోసమే. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

జనరల్ మోటార్స్ వాళ్లే దీనికి పద్ధతి చూపించారు. 1968 నుంచి వారంటీలో ఇంజన్ బ్లాక్ మార్చాల్సి వస్తే కొత్తదాని మీద "సీఈ" అని కొట్టి, ఆ ఏడాది అంకె, ఒక వరుస నంబరు వేసేవాళ్లు. పోయిన ఇంజన్ నంబరును తెచ్చి కొత్తదాని మీద వేసేవాళ్లు కాదు. తయారు చేసిన కంపెనీయే మార్చిన ఇంజన్‌ను మార్చినదిగా గుర్తు పెట్టింది. యాభై ఏళ్ల తర్వాత ఒక మెషిన్ షాపుకి కంపెనీ కూడా వాడుకోని హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

అన్నా, ఆ ఓనర్ నీకు చెప్పాడు, బాగానే ఉంది. ప్రకటనలో ఎందుకు రాయలేదు? నువ్వు టార్చ్ పట్టుకెళ్లకపోతే చెప్పేవాడా?

మిషిగన్_మెకానిక్ (లివోనియా)

నేను ఇంజన్లు విప్పి బిగించేవాణ్ని కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. ఇక్కడ రెండు వేరు వేరు పనులను ఒకే గాటన కట్టేస్తున్నారు.

ప్యాడ్ ఎలా పనిచేస్తుందో ముందు చూడండి. దాని మీద రెండు ముద్రలుంటాయి. ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ఇంజన్ ప్లాంటులో కొట్టింది: ప్లాంటు అక్షరం, ఇంజన్ బిగించిన నెల, రోజు, ఏ రకం ఇంజనో చెప్పే మూడక్షరాల కోడ్. రెండోది కారు తయారైన ప్లాంటులో కొట్టింది: కారు విన్ నంబరులోని (ఒక్కో కారుకు కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు) చివరి భాగం. రెండు చోట్ల, ఇద్దరు మనుషులు, రెండు రకాల పనిముట్లు. అందుకే అసలు ప్యాడ్ మీద ఆ రెండూ ఒకే తీరుగా ఉండవు. గుంటూరు గారు పట్టుకున్న తేడా సరైనదే.

ఆ ప్యాడ్ బ్లాక్ డెక్‌తో (హెడ్ కూర్చునే పైతలం) సమానమైన ఎత్తులో ఉంటుంది. హెడ్ గాస్కెట్ సరిగా కూర్చోవాలంటే ఒక్కోసారి డెక్‌ను చదును చేయక తప్పదు. కట్టర్ అంచు వరకూ వెళితే నంబరు పోతుంది. 1970ల్లో, 80ల్లో ఈ కార్లు ఎవరికీ అపురూపం కాదు. కుర్రాళ్లు చవగ్గా కొని రేసులాడేవాళ్లు, ఇంజన్ పాడైతే మెషిన్ షాపుకి తీసుకెళ్లేవాళ్లు. షాపువాడు నంబరు సంగతి ఆలోచించకుండా చదును చేసి ఇచ్చేవాడు. అలా ఎన్ని అసలు బ్లాకులు మొహం పోగొట్టుకున్నాయో! బ్లాక్ అదే, కారు అదే, పోయింది ముద్ర ఒక్కటే. దానికి దాని నంబరే తిరిగి కొడితే ఎవరికి అబద్ధం చెప్పినట్టు?

మనం రీస్టోరేషన్‌లో ఇంతకంటే ఎక్కువే చేస్తున్నాం. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య రేకు) మీద ఇన్‌స్పెక్టర్ సుద్ద గీతలు మళ్లీ గీస్తున్నాం. స్టిక్కర్లు కొత్తవి అచ్చు వేయించి అంటిస్తున్నాం. 1969 కమారో బాడీ మొత్తం కొత్త రేకుతో డైనాకార్న్ అనే సంస్థ అమ్ముతోంది. కార్వెట్ల జడ్జింగ్‌లో కూడా ఆ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగా కనిపిస్తోందా అనే చూస్తారు. ముద్ర ఒక్కదాన్నే వేరుగా ఎందుకు చూడాలి?

హెమీ_హనుమకొండ

ఎందుకో నేను చెబుతా, బ్రో. ఈ గొడవ షెవర్లే వాళ్లకే ఇంత ఎక్కువ.

1970 మోపార్ (క్రైస్లర్ వాళ్ల) కార్లలో విన్ నంబరులో ఐదో అక్షరమే ఇంజన్. "ఆర్" ఉంటే 426 హెమీ ఇంజన్, "వీ" ఉంటే 440 సిక్స్ ప్యాక్. మామూలు కారును హెమీ అని చూపించాలంటే విన్ ప్లేటే మార్చాలి, అది నేరం. 1971 హెమీ బరాకుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో 35 లక్షల డాలర్లకు పోయింది. ఆ రకం చేసినవే పదకొండు. ఆ కారులో రేపు బ్లాక్ పగిలినా అది హెమీగా పుట్టిందని విన్ చెబుతూనే ఉంటుంది.

ఫోర్డ్ వాళ్లకు మార్టీ రిపోర్ట్ ఉంది, 1967 నుంచి కంపెనీ డేటా ఆధారంగా ఇస్తారు. పాంటియాక్‌కు పీహెచ్ఎస్ అనే రికార్డుల సంస్థ ఉంది, పాత బిల్లింగ్ కాపీలు వాళ్ల దగ్గర దొరుకుతాయి. పాంటియాక్ వాళ్ల జీటీఓ జడ్జ్ మోడల్ నిజమా కాదా అంటే ఉత్తరం రాసి తెలుసుకోవచ్చు. 1970 షెవెల్ విన్ 136తో మొదలైతే వీ8 మాలిబు అని మాత్రమే తెలుస్తుంది. లోపల చిన్న 307 ఉందో, 454 ఉందో చెప్పదు. ఎస్ఎస్ అన్నది కూడా ఒక ఆప్షనే, విన్‌లో కనపడదు. కెనడాలో అమ్మిన జీఎం కార్లకు రికార్డు దొరుకుతుంది గానీ అమెరికాలో అమ్మిన షెవెల్‌కు అలాంటి దారి లేదు.

అంటే బిల్డ్ షీట్ లేని షెవెల్‌కు ఆ ప్యాడే సాక్ష్యం. సుద్ద గీతను చూసి ఎవరూ అదనంగా వేల డాలర్లు ఇవ్వరు. ప్యాడ్ చూసి ఇస్తారు. ఆ రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

సీమ_వీ8

కొత్తవాణ్ని, ఒక డౌట్. "తేదీ సరిపోయే బ్లాక్" అంటే ఏంటండీ?

హెమీ_హనుమకొండ

తమ్ముడూ, బ్లాక్ పోత పోసిన తేదీ దాని మీదే ఉంటుంది. "ఏ 28 0" అంటే 1970 జనవరి 28. తర్వాత ప్యాడ్ మీద "టీ0212సీఆర్‌వీ" అని ఉందనుకో: టోనవాండా, ఫిబ్రవరి 12, మాన్యువల్ గేర్‌బాక్స్ ఎల్ఎస్6. కారు ఫైర్‌వాల్ మీద ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న రేకు ప్లేటులో "02డీ" అంటే ఫిబ్రవరి నాలుగో వారం. పోత, బిగింపు, కారు తయారీ, ఈ వరుసలోనే రావాలి. కారు తయారయ్యాక పోత పోసిన బ్లాక్ ఉంటే అక్కడికే ఆగిపోవచ్చు. కానీ వరుస కుదిరినంత మాత్రాన అసలుదని కాదు. నంబరు కొట్టించేవాళ్లు ఇదంతా తెలిసినవాళ్లే, తేదీ కుదిరే బ్లాక్ కోసమే వెతుకుతారు. ఆ 3963512 క్యాస్టింగ్ ఎల్ఎస్5 (తక్కువ పవర్ ఉన్న 454) కార్లలో కూడా వచ్చింది కాబట్టి దొరకడం కష్టమేమీ కాదు.

కాగితం_చూపించు

మెకానిక్ గారూ, మీరు చెప్పిన చదును చేసిన బ్లాక్ సంగతి నాకు అర్థమైంది. కానీ రెండు ప్రశ్నలున్నాయి.

మొదటిది, నంబరు పోయాక అది ఆ కారు బ్లాకే అని మీకెలా తెలుసు? ఓనర్ చెప్పాడు. ఆయనకు ముందు ఓనర్ చెప్పాడు. ఇనుము మీద ముద్ర కొట్టినప్పుడు దాని కింద కొంత లోతు వరకు లోహం నొక్కుకుపోతుంది. పైన కొద్దిగా అరగదీసినా ఆ నొక్కుడు లోపల ఉంటుంది. దొంగ బండ్ల కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు యాసిడ్‌తోనో, అయస్కాంత పరీక్షతోనో పాత అంకెలను బయటికి తీస్తారు. మీ షాపుకి వచ్చిన బ్లాక్‌కు ఆ పరీక్ష చేయించాకే నంబరు కొడుతున్నారా? దాని మీద కొత్త ముద్ర పడితే కింద మిగిలిన ఆ చివరి ఆధారం కూడా చెడిపోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

రెండోది, కట్టర్‌ను ప్యాడ్ వరకు వెళ్లకుండా ఆపొచ్చు. జాగ్రత్త తెలిసిన షాపులు ఆపుతున్నాయి. ఇవాళ చదును చేసి నంబరు పోగొట్టి "తప్పలేదు" అంటే నమ్మలేను.

మా బావ ఒక డీలర్ దగ్గర అసలుదని చెప్పిన షెవెల్ కొన్నాడు. కొన్నేళ్లకు అమ్మబోతే కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ ప్యాడ్ చూసి పట్టేశాడు. డీలర్‌ను అడిగితే "మాకు అమ్మినవాళ్లు అలాగే చెప్పారు" అన్నారు. మా బావ మాత్రం బాగా తగ్గించి అమ్ముకోవాల్సి వచ్చింది.

పాత_ఇనుము (డాలస్)

ఇందాకటి నుంచి చదువుతున్నాను. నా ఉద్దేశంలో అందరూ మొదటి కొనుగోలుదారు గురించే మాట్లాడుతున్నారు. ఈ షెవెల్ విషయంలో గుంటూరు తమ్ముడికి నిజం తెలుసు, ఆయనకు నష్టం లేదు. నష్టపోయేది ఈయన దగ్గర కొనేవాడి దగ్గర కొనేవాడు. అప్పటికి నోటి మాట ఎవరికీ గుర్తుండదు, ప్యాడ్ మీద ముద్ర మాత్రం ఉంటుంది. ఓనర్ల నిజాయితీ మీద ఆధారపడి ఇనుము మీద అలాంటి మాట చెక్కకూడదు.

మన ఊళ్లలో పొలం కొనేటప్పుడు పట్టా ఒక్కటే చూసి ఎవరూ డబ్బు ఇవ్వరు, లింక్ డాక్యుమెంట్లన్నీ అడుగుతారు. ఈ కార్లకూ అదే కావాలి. పాత రిజిస్ట్రేషన్లు, సర్వీసు బిల్లులు, మెషిన్ షాపు రసీదు, విప్పేటప్పుడు తీసిన ఫొటోలు. బ్లాక్ ఏ రోజు పగిలిందో, కొత్తది ఎక్కడిదో రాసిన ఒక పేజీ ఉంటే ఆ కారు విలువ నిలబడుతుంది. పోయిన చరిత్రను పోయిందని రాయడం కూడా చరిత్రే.

1969 జెడ్ఎల్1 కమారోలను చూడండి. పూర్తి అల్యూమినియం 427 ఇంజన్, మొత్తం 69 కార్లు. ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలర్ 50 ఆర్డర్ చేశాడు. మామూలు వీ8 కమారో 3,000 డాలర్ల లోపు దొరికే రోజుల్లో ఇది 7,200 దాటింది. అమ్ముడుపోక చాలా కార్లను కంపెనీకి తిప్పి పంపాడు. కొన్నిటి ఇంజన్లు రేసులకు వెళ్లిపోయాయి. విన్ చూస్తే ఏ వీ8 కమారో అయినా ఒకటే. అయినా వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టగలుగుతున్నామంటే కారణం కాగితాలు, ఏళ్ల తరబడి వాటి వెంట తిరిగి రాసుకున్న మనుషులు. ఇంజన్ లేని జెడ్ఎల్1ను ఇంజన్ లేని జెడ్ఎల్1 అనే అమ్మినా కొనేవాళ్లున్నారు.

మిషిగన్_మెకానిక్ (లివోనియా)

పాత ఇనుము గారూ, మీరు చెప్పినదానికి నాకు అభ్యంతరం లేదు. పరీక్ష సంగతి కూడా సబబే. చదును చేసిన బ్లాక్‌కు నంబరు కొట్టే ముందు ఆ పరీక్ష జరగాలి, ఫలితం ఫొటోతో ఫైల్లో ఉండాలి.

కానీ ముద్ర కొట్టిన ప్రతివాణ్నీ దొంగ అనడం మీద నా మాట నాదే. అలా ఆలోచిస్తే ఎక్కడికి పోతామో కాన్సస్‌లో చూశాం. 1959 కార్వెట్ ఒకటి, రీస్టోరేషన్ చేస్తూ దాని విన్ ప్లేటును ఊడదీసి మళ్లీ అదే కారుకు బిగించారు. ఇదేమీ తెలియకుండా కొన్న మనిషి 2017లో రిజిస్ట్రేషన్‌కు వెళితే పోలీసులు కారు పట్టుకున్నారు. ఏళ్ల తరబడి కోర్టు. చివరికి 2022లో ఆ రాష్ట్రం పాత కార్ల కోసం చట్టమే మార్చాల్సి వచ్చింది. పనికీ ఉద్దేశానికీ తేడా చూడకపోతే నష్టపోయేది నిజాయితీ ఉన్నవాళ్లే.

కాగితం_చూపించు

అక్కడ అదే ప్లేటు, అదే కారు. దాన్ని నేనూ సమర్థిస్తాను. ఇక్కడ గుంటూరు అన్న చూసిన బ్లాక్ వేరే కారులో పుట్టింది. ఆ వేరే కారు నంబరు ఎవరో గీసేశారు. ఆ రెండో షెవెల్ ఎక్కడో బతికే ఉంటే దాని అసలు ఇంజన్ ఇక దానికి ఎప్పటికీ దొరకదు. ఒక కారును అసలుదిగా చూపించడానికి ఇంకో కారు ఆధారాన్ని చెరిపేశారు. దీన్ని రిపేరు అని ఎలా అంటాం?

మిషిగన్_మెకానిక్ (లివోనియా)

ఈ ఒక్క పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. వేరే కారు బ్లాక్ మీద పాత నంబరు గీసి కొత్తది కొట్టమంటే మా షాపులో కొట్టం. పుట్టినప్పటి బ్లాక్‌కు దాని నంబరే తిరిగి వేయడం వరకే నేను వాదిస్తున్నది.

గుంటూరు_గేర్‌బాక్స్ (కొలంబస్, ఒహాయో)

అందరికీ థ్యాంక్స్. ఈ రోజు ఓనర్‌కు ఫోన్ చేశాను. ఒకటే అడిగాను: "బ్లాక్ అసలుది కాదు, నంబరు తర్వాత కొట్టించింది" అని అమ్మకం పత్రం మీద రాసి సంతకం పెడితే, దానికి తగ్గ ధరకు కొంటాను. బిల్డ్ షీట్ నిజమైనదే కాబట్టి ఎల్ఎస్6గా పుట్టిన కారు అన్నంత వరకు నాకు నమ్మకం ఉంది, దానికి విలువ ఇస్తాను అని కూడా చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించి, నోటితో ఎవరికైనా చెబుతాను గానీ కాగితం మీద రాస్తే తర్వాత ఎవరూ ఆ ధర ఇవ్వరు అన్నాడు. నేను ఆ కారు వదిలేస్తున్నాను. బ్లాక్ మీద ఉన్న పోత తేదీ, ప్యాడ్ ఫొటోలు కింద పెడుతున్నాను. మీలో ఎవరి దగ్గరైనా ఆ తేదీకి దగ్గర్లో తయారై, ఇంజన్ పోగొట్టుకున్న షెవెల్ ఉంటే చెప్పండి. ప్యాడ్‌ను పరీక్ష చేయించుకోవడానికి ఓనర్ ఒప్పుకుంటాడేమో నేను అడిగి చూస్తాను.