అప్‌డేట్: లక్క బొమ్మలు నేనే అమ్మితే ఇల్లు గడుస్తుందా అని అడిగాను కదా

వేసవిలో అడిగిన ప్రశ్న ఇది: మా ఇంట్లో చేసే ఏటికొప్పాక బొమ్మల్ని షావుకారుకి టోకున ఇవ్వడం మానేసి, విశాఖలో వారాంతపు స్టాళ్లలో నేనే అమ్ముకోవచ్చా అని. చాలామంది వద్దన్నారు. ఒకరిద్దరు "టోకు పూర్తిగా మానకు, పక్కన ఇదీ మొదలెట్టు" అన్నారు. అదే చేశాను.

ఇల్లు గడుస్తోంది, కానీ నేననుకున్న సరుకుతో కాదు. పెద్ద రాజారాణి బొమ్మల్ని మెచ్చుకుని, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. అమ్ముడయ్యేవి బొంగరాలు, కుంకుమ భరిణెలు, లక్కపిడతలు. బల్ల మీద బొంగరం తిరుగుతుంటే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు, బేరం సగం అయిపోయినట్టే. "ప్లాస్టిక్‌ది ఇంతకన్నా చవగ్గా వస్తుందిగా" అనేవాళ్ల చేతిలో రంగెక్కని అంకుడు కర్ర బొంగరం పెడతాను. పక్కనే పసుపు కొమ్ము, నీలిమందు చూపించి, రంగులు వీటివేనండీ అంటాను. ఇక ధర గురించి పెద్దగా మాట్లాడరు. 2017లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకేనని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) వచ్చిందని బోర్డు కూడా పెట్టాను, చదివేవాళ్లు తక్కువే.

వాన పడిన ఆదివారం మాత్రం స్టాల్ అద్దె, బస్సు ఛార్జీ చేతి నుంచే పడతాయి. ఆ టెన్షన్ తప్పదు.

ఆర్టిజన్ కార్డు, అంటే హస్తకళల పనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, తీసుకోమన్న అక్కకు థాంక్స్. ప్రభుత్వ హస్తకళల మేళాలకు వెళ్లాలంటే అది పనికొస్తోంది.

ఇప్పుడు దసరా బొమ్మల కొలువుకి సెట్లు అడుగుతున్నారు. నాన్న బొమ్మలు చెక్కే లేత్ మిషన్ దగ్గర్నుంచి లేవడం లేదు. సెట్‌గా ఇస్తే ధర ఎంత తగ్గించవచ్చో అమ్మినవాళ్లెవరైనా చెప్తారా?