పాత మెషిన్లకు సొంత డెస్క్‌టాప్: గ్నోమ్ ఎక్స్‌టెన్షనా, మొదటి నుంచి కట్టుకోవడమా?

గుణుపురం_గ్రంథాలయం
నమస్కారమండీ. ఇక్కడి చదువుగదిలో 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లు, డెబియన్ లినక్స్ వేసి ఉన్నాయి. వచ్చేవాళ్లు కొందరు తెలుగు, కొందరు ఒడియా చదువుతారు. పైన ఒకే పట్టీ, అందులో చదవడం, రాయడం, వెతకడం అని మూడు బొమ్మలు, చివర భాష మార్చే బటన్. ఇంకేమీ వద్దు. పైథాన్, కొంచెం జీటీకే (కిటికీలు, బటన్లు కట్టే లైబ్రరీ) వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొరాపుట్_పెంగ్విన్
ఎక్స్‌టెన్షన్ వద్దండి. అది గ్నోమ్ డెస్క్‌టాప్ లోపలి కోడ్‌ను పట్టుకుని వేలాడుతుంది, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సరిచేసుకోవాలి. పైగా 2 జీబీకి గ్నోమే బరువు.

కిటికీలు, మౌస్, కీబోర్డు చూసుకునే కంపోజిటర్ వేరు, కంటికి కనబడే పట్టీ వేరు. మీ ఆలోచనంతా పట్టీలోనే ఉంది కాబట్టి కంపోజిటర్ రాయకండి. ల్యాబ్‌డబ్ల్యూసీ అనే తయారు కంపోజిటర్ తీసుకోండి, తేలిగ్గా ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా 2024 అక్టోబరులో దానికే మారింది.

పట్టీకి పైథాన్, జీటీకే 3, జీటీకే లేయర్ షెల్ (కిటికీని తెర అంచుకు పట్టీలా అతికించే లైబ్రరీ) చాలు. కిటికీ తెరమీదికి రాకముందే లేయర్ షెల్ ఇనిట్ పిలవాలి, ఆలస్యమైతే పట్టీ మామూలు కిటికీలా తేలుతుంది. పైకి, ఎడమకు, కుడికి యాంకర్ చేసి (అంచులకు అతికించి), ఆటో ఎక్స్‌క్లూజివ్ జోన్ ఆన్ చేయండి, అది పట్టీ చోటును మిగతా కిటికీలు ఆక్రమించకుండా ఆపుతుంది. ఇది మరిస్తే, పెద్దది చేసిన కిటికీ తలకట్టు పట్టీ కింద దాక్కుంటుంది, మూసే బటన్ అందదు. జీటీకే 4లో లేయర్ షెల్ లైబ్రరీని వేలాండ్ (కంపోజిటర్‌తో ప్రోగ్రాంలు మాట్లాడే పద్ధతి) లైబ్రరీకంటే ముందే లోడ్ చేయాల్సిన తలనొప్పి ఉంది, ప్రస్తుతానికి 3 మేలు.

గ్నోమ్‌లో లేయర్ షెల్ పనిచేయదు. పరీక్షించాలంటే అక్కడే ల్యాబ్‌డబ్ల్యూసీ నడపండి, అది ఒక కిటికీలా తెరుచుకుంటుంది. పట్టీని దాని లోపల నడపండి.

పర్లాకిమిడి_అక్షరం
పట్టీ ఎత్తు పిక్సెళ్లలో బిగించకండి, మనవాళ్లకు మొదట తగిలే దెబ్బ ఇదే. ఇంగ్లీషుకు 24 పిక్సెళ్లు సరిపోతే, 11 పాయింట్ల తెలుగులో "రాష్ట్రం" కింది వత్తులు తెగిపోతాయి. ఒడియాలోనూ అంతే, కింద చేరే ఒత్తులు, పైన గుడులు రెండూ చోటడుగుతాయి. "రాష్ట్రం", "స్త్రీ", "పర్లాకిమిడి" లాంటి మాటలను ప్యాంగో (జీటీకేలో అక్షరాలు పేర్చే లైబ్రరీ) లేఅవుట్‌లో పెట్టి, అది చెప్పిన ఎత్తుకు పైనా కిందా 3 పిక్సెళ్లు కలపండి. పొడుగు పేర్లను పైథాన్ స్ట్రింగ్ కోసి చుక్కలు పెట్టొద్దు, అక్షరం మధ్యలో విరిగి హలంతు మిగులుతుంది. చుక్కలు పెట్టే పని ప్యాంగో ఎలిప్సైజ్‌కే వదిలేయండి.

గుణుపురం_గ్రంథాలయం
చాలా సంతోషమండీ ఇద్దరికీ. భాష బటన్ నొక్కితే తెరిచి ఉన్నవి కూడా మారాలంటే?

కొరాపుట్_పెంగ్విన్
మారవు. నడుస్తున్న ప్రోగ్రాం మొదలైనప్పటి భాషలోనే ఉంటుంది. బటన్ నొక్కగానే పట్టీని మళ్లీ మొదలుపెట్టి, ఆపైన తెరిచేవాటికి కొత్త లొకేల్ (భాష సెట్టింగు) ఇవ్వండి. తెలుగు, ఒడియా లొకేల్స్ ముందే జనరేట్ చేసి ఉండాలి, లేదంటే ఇంగ్లీషే కనబడుతుంది.

కీబోర్డు సంగతి వేరు. ల్యాబ్‌డబ్ల్యూసీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో లేఅవుట్లు యూఎస్, ఇన్, ఇన్ (ఇంగ్లీషు, ఆపై రెండు భారతీయ) అని ఇస్తే, వేరియంట్ల వరుస కామాతోనే మొదలవ్వాలి: మొదటిది ఖాళీ, తర్వాత టెల్ (తెలుగు), ఓఆర్ఐ (ఒడియా). ఆ కామా పోతే టెల్ వెళ్లి యూఎస్‌కు తగులుకుంటుంది, కీమ్యాప్ తయారవదు.

పర్లాకిమిడి_అక్షరం
ల్యాబ్‌డబ్ల్యూసీ మొదలవగానే నడిచే ఆటోస్టార్ట్ ఫైల్లో పట్టీ లైను చివర యాంపర్‌సాండ్ (&) పెట్టండి, లేకపోతే కింది లైన్లు ఆగిపోతాయి. కానీ అలా పెడితే, పట్టీ కూలితే దానంతటది లేవదు. దానికి బదులు సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాంలను నడిపే వ్యవస్థ) యూజర్ సర్వీస్‌గా పెట్టి రీస్టార్ట్ ఆన్-ఫెయిల్యూర్ రాస్తే, చదువుకునేవాళ్లు ఖాళీ తెర ముందు కూర్చోవాల్సిన పని ఉండదు.