నాలుగు ప్యాచ్‌ల యాంటెన్నాకి సిరీస్ ఫీడా, కార్పొరేట్ ఫీడా?

తరంగం_ఉప్పల్: ఉప్పల్ మేడ మీంచి హబ్సిగూడకి వైర్‌లెస్ లింకు. 5725–5875 మెగాహెర్ట్జ్, వరసగా నాలుగు ప్యాచ్‌లు (తరంగాల్ని వెలువరించే చిన్న రాగి పలకలు), కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డు). కార్పొరేట్ ఫీడ్ (చెట్టు కొమ్మల్లా చీలుతూ ఒక్కో ప్యాచ్‌కి వెళ్ళే లైన్లు) గీస్తే ట్రేసులన్నీ కలిపి 20 సెం.మీ. దాటాయి, 4 డీబీ (డెసిబెల్) సిగ్నల్ పోతుంది. ప్యాచ్‌లని ఒకదాని వెనక ఒకటి కలిపే సిరీసే మేలంటాను.

రాగిరేకు: లెక్కలోనే తప్పుందండీ. మొత్తం రాగి పొడవు కాదు, కనెక్టర్ నుంచి ఒక్కో ప్యాచ్‌కి వెళ్ళే దారి పొడవు చూడాలి. ప్యాచ్‌ల ఎడం 36 మి.మీ. అయితే ఆ దారి సుమారు 7.5 సెం.మీ. ఎఫ్ఆర్4 సెంటీమీటరుకి 0.2 డీబీ దాకా తింటుంది, అంటే 1.5 డీబీ. రోజర్స్ 4350బి (నష్టం తక్కువుండే ఆర్‌ఎఫ్ బోర్డు) మీద 0.3 డీబీ. ఎఫ్ఆర్4 ప్యాచ్‌లోనే మూడో వంతు దాకా శక్తి వేడిగా పోతుంది. ముందు బోర్డు మార్చండి.

చర్లపల్లి_ఆర్‌ఎఫ్: బోర్డు సంగతి ఒప్పుకుంటాను. కానీ సిరీస్ అనగానే బీమ్ పక్కకి జరుగుతుందని భయపెట్టేవాళ్ళున్నారు, అది అతిశయోక్తి. బ్యాండ్ అంచు మధ్య నుంచి 1.3 శాతం దూరం, లైన్ల వల్ల జరిగేది ఒకటిన్నర డిగ్రీ లోపే, బీమ్ వెడల్పేమో 20 డిగ్రీలు. 24, 77 గిగాహెర్ట్జ్ కారు రాడార్లలో సిరీస్ ఫీడ్ ఊరికే వాడటం లేదు.

రాగిరేకు: జరగడం కాదు, మ్యాచ్ పాడవుతుంది, శక్తి వెనక్కి తిరుగుతుంది. లైన్‌లో ఒక తరంగదైర్ఘ్యం ఎడంతో కలిపిన ప్యాచ్‌లు నాలుగూ ఫ్రీక్వెన్సీ మారితే ఒకేసారి దారి తప్పుతాయి, వాటికి లైన్ల ఫేజు తోడవుతుంది. 150 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అది ఇరుకు. ఎడం కూడా మన చేతిలో ఉండదు, 31 మి.మీ. దగ్గర కట్టేస్తుంది.

కార్పొరేట్ ఇలా గీయండి, బోర్డు 1.524 మి.మీ. మందం. ఫీడ్ తగిలే చోట ప్యాచ్‌లని లోపలికి కోసి ఇంపెడెన్స్ 100 ఓమ్‌కి తెండి. రెండు 100 ఓమ్ లైన్లు (0.83 మి.మీ.) కలిస్తే 50. దానికి 70.7 ఓమ్ పావు తరంగం: వెడల్పు 1.81, పొడవు 7.8 మి.మీ. మళ్ళీ 100 అవుతుంది. అలాంటివి రెండు కలిసి 50, అక్కడ ఎస్‌ఎంఏ కనెక్టర్.

తరంగం_ఉప్పల్: విల్కిన్సన్ (కొమ్మల మధ్య రెసిస్టర్ పెట్టే డివైడర్) వద్దా అండీ?

చర్లపల్లి_ఆర్‌ఎఫ్: సమాన ఫేజులో నడిచే నాలుగింటికి అక్కర్లేదు. రెసిస్టర్ మీద శక్తి పడేది కొమ్మలు రెండూ వేర్వేరుగా తిరగ్గొట్టినప్పుడే. 0805 సైజు రెసిస్టర్ పెడితే దాని పొడవే కొత్త తంటా.

రాగిరేకు: ఇందులో మనిద్దరిదీ ఒకే మాట. మరో రెండు జాగ్రత్తలు. సిమ్యులేటర్‌లో 4350బి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3.48 అని కొట్టకండి, అది తయారీ కొలత. డిజైన్‌కి 3.66. 3.48తో గీసిన ప్యాచ్ దాదాపు 130 మెగాహెర్ట్జ్ కిందికి దిగుతుంది, బ్యాండే తప్పిపోతుంది. ఇక 100 ఓమ్ లైను ఎచింగ్‌లో 0.1 మి.మీ. సన్నబడితే సుమారు ఐదు ఓమ్‌లు పెరుగుతుంది. బోర్డు రాగానే ఆ వెడల్పు మైక్రోస్కోపు కింద కొలిచి, ఆ తర్వాతే ఎస్‌ఎంఏ అతకండి, గ్రౌండ్ కాళ్ళన్నీ నిండుగా టంకం పట్టాలి.

చర్లపల్లి_ఆర్‌ఎఫ్: మందం బోర్డు మీద టీ-జంక్షన్ (లైను రెండుగా చీలే చోటు) కూడా తరంగాల్ని వెలువరిస్తుంది సుమా. క్రాస్ పోలరైజేషన్ (అడ్డ దిశలో వెలువడే అనవసర తరంగం) తక్కువుండటం ముఖ్యమైతే నేను సిరీస్‌నే, మధ్యలోంచి ఫీడ్ ఇచ్చి, గీస్తాను.